అభ్రంకషుడు తల వంచిన కథ

పూర్వం, పర్వతాలు పిలిస్తే పలికే కాలంలో, దక్షిణ సముద్ర మధ్యంలో, ఓడలో పోయేవాడు ఓ కునుకు తీస్తే కనబడకుండా దాటిపోయేటంత చిన్న ద్వీపమొకటి ఉండేది. దాని పేరు శీకరద్వీపం. దేశమంటే పరచిన చాప వంటిదని తలచేవారు దానిని చూస్తే తమ మాట దిద్దుకోవలసిందే. అది పరచిన దేశం కాదు, నిలబెట్టిన దేశం. నట్టనడుమ అభ్రంకషుడనే పర్వతరాజు, మేఘమండలాన్ని శిరస్సుతో రాసుకుంటూ, నడుముకు పనస, వెదురు, జాజికాయ వనాలు చుట్టుకొని, పాదాలు మడ అడవుల బురదలో ఆనించి, చుట్టూ పగడపు కట్టను కంకణంగా ధరించి కూర్చుని ఉండేవాడు. నైరుతి నుండి సముద్రం మీదుగా వచ్చే మేఘాలు ఆయన భుజాలకు తగిలి ఆగి, మోసుకొచ్చిన బరువంతా అక్కడ దించుకొని, తేలికపడి ఆవలికి సాగిపోయేవి. ఆ నీరే ఏరులై, దూకిన చోటల్లా జలపాతమై, ఉదయం కొండకొమ్మున పుట్టి మధ్యాహ్నానికి సముద్రంలో కలిసేది. ఆ హోరులో పుట్టి ఆ హోరులోనే పెరిగిన ద్వీపవాసులు మామూలు మాట కూడా కొంచెం గట్టిగా మాట్లాడేవారు.

వానతోపాటు కొండవాలు మట్టి కూడా కొంత జారి, ఏరు సముద్రంలో కలిసే మొగలలో చేరుతుంది గదా. అందుకని ఆ ద్వీపంలో ఒక ఆచారం ఉండేది. నైరుతి దిక్కున తొలి మబ్బు కనబడగానే ఇంటికొకరు బుట్ట తీసుకొని ఏటి మొగకు దిగి, నిరుడు జారిన మట్టిని నింపుకొని, తలకెత్తుకొని, మెట్ల చేల మీదుగా పైకి వెళ్లి, దారిలో తమ చేలో కొంత, పొరుగు చేలో కొంత పోస్తూ, చివరి పిడికెడు మాత్రం శిఖరాన పెట్టి, "తల ఎత్తు తాతా, మబ్బు వచ్చింది, నీ మన్ను నీకు తెచ్చాం" అని పలికి దిగి వచ్చేవారు. దీనిని వారు కొండమోత అనేవారు. తాతల నాటి నుండి వస్తున్న మాట గనుక పలికేవారే గాని, ఎప్పుడూ ఎత్తే ఉన్న తలను మళ్లీ ఎత్తమనడమేమిటని ఎవరూ ఆలోచించలేదు. రాజులకు మాత్రం ఆ మోత లేదు. రాజైనవాడు కొండ అడుగున గొడుగు కింద నిలిచి, దిగివచ్చినవారికి కొబ్బరినీళ్లు ఇప్పించడమే మర్యాద.

అటువంటి ద్వీపాన్ని ఉదగ్రసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ధర్మమూర్తి, ప్రజావత్సలుడు, అబద్ధమెరుగనివాడు. ఒక్కటే లోపం. ఇతరులన్న మాట చెవిలో పడితే అది లోపలే ముల్లులా ఉండిపోయి, రాత్రింబవళ్లు దానినే తడుముకునేవాడు. ఆయన సముద్రానికి ఆవల, కనుచూపు మేర మిట్టపల్లాలు లేని కేదారదేశపు రాజు కూతురిని, మృణాళవతిని పెండ్లాడాడు. మామగారు అల్లుడిని సత్కరించి, బంగారు రేకులు తాపిన మహారథాన్ని, దానికి తగిన గుర్రాలను బహూకరించి ఓడకెక్కించాడు. కొత్త పెండ్లికూతురు రేవులో దిగి, తల వెనక్కి వాల్చి అభ్రంకషుడిని చూసి చూసి, "ఏమండీ, మీ దేశమంతా నిలబడే ఉందే. కాస్త కూర్చునే చోటు లేదా?" అని నవ్వింది.

ఆమె ముచ్చటపడి అన్నది. ఆయనకు నొచ్చింది. రథమా, రేవు నుండి కోట గుమ్మం దాకా, అంటే ఒక పాట పాడేటంత దూరం వెళ్లి, అక్కడ మెట్లు అడ్డమొచ్చి ఆగిపోయింది. దానిని కొట్టంలో పెట్టి తాటాకులు కప్పారు. అందులో కోళ్లు గుడ్లు పెట్టసాగాయి. మరుసటి ఏడు మామగారి యజ్ఞానికి ఒంటరిగా వెళ్లినప్పుడు, అక్కడ చేరిన రాజులలో ఒకడు మీసం దువ్వుతూ, "శీకరద్వీపపు మహారాజా, మీ మామగారి మహారథం బాగా నడుస్తున్నదా, లేక మీరే దానిని మోస్తున్నారా?" అని అడిగాడు. సభ అంతా గొల్లుమన్నది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు ఆ రాజుల చదునైన నేలలు, తిన్నని బాటలు, రథచక్రాల వెంట లేచే ధూళి, అన్నీ ఉదగ్రసేనుడి కంటికి వైభవాలుగా తోచాయి. తిరుగు ప్రయాణమంతా ఆయన ఓడ అంచున కూర్చుని ఆ నవ్వునే తడుముకున్నాడు.

తిరిగి వచ్చి, రాజ్యభారం మంత్రులకప్పగించి, మడ అడవి వేళ్ల నడుమ మెడలోతు ఉప్పునీటిలో నిలిచి, పీతలు కాళ్లు కరుస్తున్నా చలించక, పశ్చిమ దిక్పాలకుడైన వరుణుడిని గూర్చి ఘోరతపస్సు చేశాడు. పాశహస్తుడు, మకరవాహనుడు, సకల జలాధినాథుడు అయిన ఆ దేవుడు ప్రసన్నుడై, అలల మీద సాక్షాత్కరించి ఇలా అన్నాడు.

"రాజా, నీ తపస్సుకు మెచ్చాను. ఏమి కావాలో కోరుకో."

"దేవా, జలాధీశా, ఈ అభ్రంకషుడు తల వంచి పడుకోవాలి. నా దేశం కూడా ఇతర దేశాల వలె చదునుగా ఉండాలి. నా రథం ఈ చివరి నుండి ఆ చివరికి నడవాలి. ఇంతకు మించి నాకేమీ వద్దు."

వరుణుడు అలల మీద కొంచెం ముందుకు జరిగాడు. "నాయనా, ఇచ్చిన వరాన్ని వెనక్కి తీసుకోవడం మాకు చేతకాదు. అది మా నియమం. పైగా ఆ పర్వతం నా ఆజ్ఞకు వంగదు. నీ నేలకు రాజువి నువ్వు గనుక నీ నోటి మాటకే వంగుతుంది. నేను దానికి నడుము వంగే శక్తి మాత్రం ఇస్తాను. మరొకమారు ఆలోచించుకొని అడుగు."

"ఆలోచించే వచ్చాను, స్వామీ."

"అయితే పిలువు" అని వరుణుడు నిట్టూర్చి అంతర్ధానమయ్యాడు.

ఉదగ్రసేనుడు ప్రజలందరినీ పడవలలో పగడపు కట్ట లోపలి నిశ్చలజలాల మీదికి చేర్చి, కొండ వైపు తిరిగి, "అభ్రంకషా, నీ రాజు అడుగుతున్నాడు, తల వంచు" అన్నాడు. ఆ పర్వతరాజు కోపించలేదు, కారణమడగలేదు. మనుమడు కథ చెప్పమంటే పక్కమీదికి ఒరిగే ముసలివాడిలా మెల్లగా ఒక పక్కకు ఒరిగి, కాళ్లు చాచుకొని, ఒక్క చెట్టు విరగకుండా, ఒక్క గూడు రాలకుండా పడుకొని నిద్రపోయాడు. శిఖరమున్న చోట వెడల్పైన మైదానం ఏర్పడింది. జలపాతాలు దూకడానికి చోటు లేక మెల్లగా నడిచాయి. ఆ హోరు ఆగిపోవడంతో ద్వీపంలో చంటిపిల్లలు నిద్రపోక ఏడ్చారు. పెద్దలు అలవాటు చొప్పున గట్టిగా మాట్లాడి, తమ గొంతు తమకే వినబడి సిగ్గుపడ్డారు.

రాజు సంతోషానికి మేర లేదు. కోళ్లను తోలించి రథాన్ని తోమించాడు, బాటలు వేయించాడు. ఇక మట్టి జారే వాలు లేదు గనుక కొండమోత అవసరం లేదని చాటింపు వేయించాడు. చాలామంది బుట్టలను అటకెక్కించి, మెడనొప్పి తప్పిందని రాజును దీవించారు. మృణాళవతి మాత్రం కిటికీలో నిలబడి, మునుపు కొండ ఉన్న వైపు చూస్తూ ఏమీ అనలేదు. ఆమె మౌనం ఆనందమని రాజు అనుకున్నాడు. పెళ్లయిన కొత్తలో మగవాళ్లు మౌనాన్ని తమకు అనుకూలంగానే చదువుకుంటారు గదా.

వేసవి వచ్చింది. నడక నేర్చిన ఏరులు పాకడం మొదలుపెట్టి, తరువాత పాకడమూ మానాయి. ఊటలు తగ్గాయి. బావులలోకి ఉప్పునీరు ఊరింది. "వానలొస్తే అన్నీ సర్దుకుంటాయి" అని రాజు అందరికీ ధైర్యం చెప్పాడు. నైరుతిన తొలి మబ్బు కనబడిన నాడు ఆయన ఉత్సాహం పట్టలేక, గుర్రాలను కట్టించి, రథమెక్కి మైదానం మీద తోలాడు. వెనుక ఎర్రటి ధూళి లేచింది.

ఆ ద్వీపంలో అప్పటిదాకా ధూళి ఎవరూ చూడలేదు. ఏడాది పొడుగునా తడిసి ఉండే నేలలో దుమ్మెక్కడిది? ఊరివాళ్లు దూరం నుండి చూసి, రాజుగారి బండికి నిప్పంటుకున్నదని భయపడి, ఇంట్లో చేతికందిన కడవలు పట్టుకొని పరుగెత్తుకొచ్చారు. వచ్చి, రొప్పుతూ నిలబడి, కడవలు వంచి చూసుకుంటే వాటిలో నీళ్లు లేవు. తొందరలో ఖాళీ కడవలు తెచ్చారని కాదు. ఊరంతటిలో నిండు కడవ లేదు. ఉదగ్రసేనుడు రథం మీద నుండి ఆ కడవల లోపలి పొడితనం చూశాడు. తలెత్తి చూస్తే, తొలి మబ్బు ద్వీపం మీదుగా, తగలడానికేమీ లేక, ఒక్క చుక్క రాల్చకుండా ఆవలి సముద్రానికి వెళ్లిపోతున్నది. 

ఆనాటి నుండి మేఘాలు వరుసగా వచ్చాయి, వరుసగా వెళ్లాయి. నీళ్ల కోసం మనుషులు ఓడలలో పొరుగు దీవులకు పోసాగారు. పాలిచ్చే తల్లులు బలహీనపడ్డారు. కొబ్బరిచెట్లు పిందెలు రాల్చాయి. నైరుతి గాలి మళ్లే కాలం దగ్గరపడింది. ఆఖరి మేఘాలు కూడా దాటిపోతే ఇక మరుసటి ఏటి దాకా చుక్క నీరు లేదు, అప్పటిదాకా ఆ నేల మీద మనిషి నిలవడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రాజు మళ్లీ వరుణుడిని ప్రార్థించాడు. వరుణుడు కనిపించి, "నా నియమం నీకు ముందే చెప్పాను. వంగింది నీ మాటకు, లేపుకోవలసిందీ నువ్వే" అని జాలిపడి వెళ్లిపోయాడు. రాజు పండితులను వెంటబెట్టుకొని మైదానం నడుమ నిలిచి, ధరాధరేంద్రా, గగనచుంబీ, జీమూతబాంధవా అని గొంతు పోయేదాకా స్తోత్రం చేశాడు. పర్వతం ఉలకలేదు, పలకలేదు.

ఒకప్పుడు శిఖరపు గుహలో మంచు నడుమ తపస్సు చేసుకుంటూ ఉండిన నీహార మహర్షి ఇప్పుడు ఎండలో, ఒక కొబ్బరిమట్ట నీడన కూర్చుని తాటాకుతో విసురుకుంటున్నాడు. త్రికాలవేది, తపోధనుడు, కాస్త కోపిష్టి. రాజు వెళ్లి పాదాల మీద పడ్డాడు.

"మహాత్మా, తప్పు చేశాను. ఏమి చేస్తే ఆయన లేస్తాడు?"

"నన్నడుగుతావేం? కొండంత అండ అని లోకులు ఊరికే అన్నారా? ఉన్న అండను పడుకోబెట్టి, ఇప్పుడు నీడ ఎక్కడని వెతుక్కుంటున్నావు. నా జపమాలకు కూడా చెమట పడుతున్నది."

"కోపగించండి, భరిస్తాను. దారి మాత్రం చెప్పండి. నా ప్రజలు దాహంతో చస్తున్నారు."

ఆ చివరి మాటకు ముని విసరడం ఆపాడు. ఆయన గొంతు మెత్తబడింది. "విను, ఉదగ్రసేనా. ఆయన తల మీద నేను ఒక యుగం కాపురమున్నాను. పొగడ్త ఆయన చెవికెక్కదు. మా వేదఘోషకే ఎన్నడూ కదలనివాడు నీ సమాసాలకు లేస్తాడా? ఏటా ఒక్కరోజు మాత్రం, తల మీద ఏదో బరువు పడ్డప్పుడు, ఒళ్లు విరుచుకునేవాడు. అంతకు మించి నాకు తెలియదు."

రాజు ఆలోచిస్తూ కోటకు తిరిగి వచ్చేసరికి గుమ్మంలో పొన్నవ్వ కూర్చుని ఉంది. ఆమె కొండవాలు సేద్యగాళ్లలో పెద్దది. ఏటి మొగ నుండి తెచ్చిన మట్టి బుట్ట ఆమె పక్కన ఉంది. వెనుక మరికొందరు బుట్టలతో నిలిచి ఉన్నారు.

"నాయనా రాజా, మోత వద్దని చాటించావు, మానేశాం. మానేసిన ఏడే ఇట్టాగయింది. పోనీలే, ఆలస్యమైనా మోద్దామని అటక మీంచి బుట్టలు దించాం. మన్ను నింపుకున్నాం, నెత్తినెత్తుకున్నాం. తీరా బయలుదేరితే దారి తెలియలేదు. నువ్వు చదువుకున్నవాడివి, రాజువి. నువ్వే చెప్పు. పైకి ఎటు పోవాలి?"

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. నిజంగానే దారి అడిగింది. ఉదగ్రసేనుడు నాలుగు దిక్కులూ చూశాడు. ఎటు చూసినా చదునే. తన దేశంలో పైకి పోయే దారి లేకుండా తానే చేశాడు. ఆయన గుమ్మం మెట్టు మీద కూలబడి, ప్రజలందరి ఎదుట ఏడ్చాడు.

అప్పుడు లోపలి నుండి మృణాళవతి వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకొని, ఒక పాత బుట్టను చంకన పెట్టుకొని ఉంది. రాజు ఆ బుట్టను చూసి తెల్లబోయాడు.

"ఇది నీ దగ్గరెక్కడిది?"

"నాదే. మీరు మా నాన్నగారి యజ్ఞానికి వెళ్లినప్పుడు పొన్నవ్వ అల్లి ఇచ్చింది. ఆ ఏడు నేనూ వీళ్లతో మోశాను. మీ వంశంలో రాణులు మోయరని తెలుసు. అందుకే మీకు చెప్పలేదు."

"నువ్వా? ఈ కొండంటే నీకు కంటగింపని గదా నేను..."

"కంటగింపా? ఎవరన్నారండీ?"

"వచ్చిన నాడు రేవులో నువ్వే అన్నావు. కూర్చునే చోటు లేదా అని."

మృణాళవతి బుట్ట కింద పెట్టింది. "అయ్యో, అదా? మా ఊళ్లో ఎక్కడ నిలబడ్డా ఒకటే కనబడుతుంది. ఇక్కడ ఒక్కొక్క అడుగు ఎక్కితే ఒక్కొక్క సముద్రం. శిఖరాన నిలబడి, తడిసి ముద్దై, జన్మలో ఎన్నడూ లేనంత సంతోషపడ్డాను. నన్నొక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్ని గదా. రథం కోసం కొండను పడుకోబెట్టారని నేనేడిస్తే, మురిసిపోతున్నానని మీరనుకున్నారా?"

రాజు తల దించుకున్నాడు. రాణి ఆయన కిరీటం తీసి మెట్టు మీద పెట్టి, పైపంచెను చుట్టకుదురుగా చుట్టి ఆయన తల మీద ఉంచింది. "లేవండి. పైకి దారి లేకపోతే పోయింది. ఆయన తల ఎక్కడుందో మనకు తెలుసు. అక్కడికి పోదాం."

తొందరలో రాజుకు మళ్లీ పాతబుద్ధి పుట్టి, చదునునేలే గదా అని, బుట్టలన్నీ రథం మీదికెక్కించి తోలించాడు. రథం మైదానం నడుమ, ఒకప్పుడు శిఖరమున్న చోటికి చేరుతుండగానే, ఎండి బీటలు వారిన నేల చీలికలో చక్రం ఇరుసు దాకా దిగబడింది. ఎంత లాగినా కదలలేదు. గుర్రాలను విప్పి రేవుకు పంపేశారు. పొన్నవ్వ నిదానంగా, "నాయనా, బండి మీద పోయే బరువు ఆయనకు తెలవదు. మనిషి మెడ మీంచి దిగాలి" అన్నది. సరేనని బుట్టలు దించి ఖాళీ చేసుకొని, మళ్లీ అందరూ ఏటి మొగకు నడిచి వెళ్లి, ఎవరి బుట్ట వారు నింపుకున్నారు. రాజు కూడా ఒక బుట్ట అడిగి తీసుకొని, తానే నింపుకొని, తలకెత్తుకొని, ఎండలో, మెడ నొప్పితో, చెమట కళ్లలో పడుతూ, జీవితంలో మొదటిసారి కొండమోత మోశాడు. పైన ఆఖరి మేఘాల గుంపు ద్వీపం అంచుకు చేరింది.

శిఖరమున్న చోట ఒక్కొక్కరే పిడికెడు మట్టి పెట్టారు. రాజు వంతు వచ్చింది. మట్టి పెట్టాడు, కానీ తరువాత ఏమనాలో ఆయనకు రాదు. ఏటా కొబ్బరినీళ్ల దగ్గర నిలబడినవాడికి శిఖరాన పలికే మాట ఎలా తెలుస్తుంది? భార్య చెవి దగ్గరకు వంగి చెప్పింది. ఆయన ఎండిపోయిన గొంతుతో, సమాసాలన్నీ మరిచి, చిన్నపిల్లవాడిలా ఆ మాటే పలికాడు.

"తల ఎత్తు తాతా, మబ్బు వచ్చింది. నీ మన్ను నీకు తెచ్చాం."

కాళ్ల కింద నేల మెల్లగా ఊపిరి పీల్చుకున్నది. "మబ్బు వచ్చిందా?" అని పాతాళం నుండి వచ్చినట్టు ఒక గొంతు వినబడింది. "ఎవరూ లేపరేమా అని పడుకునే ఉన్నాను. రాజు మాట గదా, తీసెయ్యలేక."

"ఇదీ రాజు మాటే, తాతా" అన్నాడు ఉదగ్రసేనుడు.

భుజాన నిద్రపోతున్న పసివాడు మేలుకోకుండా లేచే పెద్దవాడిలా, అభ్రంకషుడు తన తల మీదున్న మనుషులలో ఒక్కరూ తూలకుండా, మెల్లమెల్లగా లేచి కూర్చున్నాడు. సముద్రం కిందికి, కిందికి పోయింది. పగడపు కట్ట తెల్లని దారంలా కనబడింది. ఆఖరి మేఘాలు వచ్చి ఆయన భుజాలకు తగిలాయి, ఆగాయి. చల్లని తెర అందరి ముఖాలను కప్పింది. మొదటి చినుకు పొన్నవ్వ ఖాళీ బుట్టలో టప్పున పడింది. తరువాత ఎవరి మాట ఎవరికీ వినబడనంత వాన కురిసింది. ఎక్కడో దిగువన ఒక జలపాతం హోరు మొదలై, దానికి మరొకటి బదులిచ్చింది. ఊళ్లో చంటిపిల్లలు చాలాకాలానికి సుఖంగా నిద్రపోయారు.

ఆ వానలో అందరూ జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ, నవ్వుతూ, మోకాళ్లు నొప్పెట్టేదాకా దిగివచ్చారు. రాజు రెండుమార్లు పడ్డాడు, లేచాడు. కొండ అడుగున గొడుగు పట్టేవారు కొబ్బరినీళ్లతో సిద్ధంగా ఉన్నారు. ఆనాడు మొదటి బొండాం రాజే పుచ్చుకున్నాడు. వరుణదేవుడు ఏటి మొగలో ప్రత్యక్షమై, "రాజా, ఇచ్చిన వరం చెడకుండానే నీ కష్టం తీరింది, నా మనసు కూడా కుదుటపడింది. నీవు అడగకపోయినా మరొకటి ఇస్తున్నాను. ఈ ద్వీపంలో కొండమోత జరిగినంత కాలం నా మేఘాలలో ఒక్కటీ ఇక్కడ ఆగకుండా దాటదు" అని అనుగ్రహించాడు. నీహార మహర్షి తాటాకు పారేసి, గొణుక్కుంటూ తన గుహకు ఎక్కిపోయాడు. నాటి నుండి ఆ వంశపు రాజులందరూ మొదటి బుట్ట తామే మోశారు.

మరి రథం? దిగబడిన చోటే ఉండి, కొండతోపాటు పైకి లేచి, మేఘాల నడుమ శిఖరాన నిలిచిపోయింది. దించడం ఎవరి తరమూ కాలేదు. చక్రాల ఆకులకు నాచు పట్టింది, పీఠం మీద పిట్టలు గూళ్లు కట్టాయి. కొంతకాలానికి కేదారదేశపు రాజు కూతురిని చూడవచ్చి, రేవులో దిగి, తల వెనక్కి వాల్చి, మబ్బు తొలగిన క్షణంలో బంగారు రేకు మెరవడం చూసి, ఆ ఎత్తున మెరిసేదేమిటని అడిగాడు. ఉదగ్రసేనుడు సిగ్గుతో నేల చూపులు చూశాడు. మృణాళవతి తండ్రి చేయి పట్టుకొని, "నాన్నగారూ, అది మీరిచ్చిన రథమే. అల్లుళ్లకు రథాలిచ్చిన మామలు చాలామంది ఉన్నారు. ఇంత ఎత్తుకు ఎక్కించిన అల్లుడు మాత్రం మీకొక్కడే" అన్నది.

ఈ కథ విన్నవారి ఇంట కడవ నిండుగా ఉండుగాక. చదివినవారి మీద చల్లని మబ్బు ఒక క్షణం ఆగి పోవుగాక.